సహజస్థితి – యోగమార్గం

పాఠ్యభాగ ఉద్దేశం

అనుకోని సందర్భం ఎదురైనప్పుడు కలవరపడక, ఆ క్షణానికి తగినట్లు సహజంగా స్పందించగలగడం ఒక జీవనకళ. ఈ కళకు యోగశాస్త్రం చూపిన మార్గాన్ని, తెలుగువారి అవధానవిద్యలో కనిపించే దాని ఛాయలను, నిత్యజీవితంలో దాని ప్రయోజనాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'సహజం' అనే మాటకు 'కూడా పుట్టినది' అని అర్థం. 'సహ' అంటే కూడా. 'జ' అంటే పుట్టినది. శ్రీమద్భాగవతాన్ని తెనిగించిన బమ్మెర పోతనను తెలుగువారు 'సహజపండితుడు' అని గౌరవించుకుంటారు. 15వ శతాబ్దికి చెందిన ఈ మహాకవి తన గ్రంథంలోని గద్యలలో తనను సహజపాండిత్యం గలవాడుగానే చెప్పుకొన్నాడు. అయితే ఆయన భాగవతంలోని శబ్దసంపదను, ఛందోవైవిధ్యాన్ని, వేదాంతపరిజ్ఞానాన్ని పరిశీలించినవారికి ఆ సహజత్వం వెనుక ఎంతటి పఠనం, ఎంతటి మననం ఉన్నాయో బోధపడుతుంది. పరిశ్రమ పూర్తిగా జీర్ణమై, పరిశ్రమగా కనిపించడం మానివేసినప్పుడు దానినే లోకం సహజత్వం అంటుంది.

పోతనను గురించి ఒక జనశ్రుతి ఉంది. గజేంద్రమోక్షణ ఘట్టంలో వైకుంఠాన్ని వర్ణించబోయి ఆయన మధ్యలో ఆగిపోయాడట. ఎంత ఆలోచించినా పద్యం సాగలేదు. గంటం పక్కన పెట్టి బయటికి వెళ్లి, తిరిగి వచ్చి చూసేసరికి పద్యం పూర్తయి ఉన్నదట. శ్రీరాముడే పోతన రూపంలో వచ్చి పూర్తి చేశాడని భక్తుల విశ్వాసం. ఈ కథను చరిత్రగా తీసుకోనక్కరలేదు. కాని తరతరాలుగా ప్రజలు దీనిని చెప్పుకొంటున్నారంటే, ఇందులో వారి అనుభవానికి దగ్గరగా ఉన్న సత్యం ఏదో ఉండాలి. పట్టుకొని లాగినంతసేపూ రాని మాట, పట్టు సడలించగానే దానంతట అదే వస్తుంది. మరచిపోయిన పేరు గుర్తుకు వచ్చేదీ ఇలాగే. నిద్ర పట్టేదీ ఇలాగే. పరీక్షకు ముందురాత్రి 'ఇప్పుడు నేను నిద్రపోవాలి' అని గట్టిగా సంకల్పించే విద్యార్థికి నిద్ర మరింత దూరమవుతుంది. ఆజ్ఞాపిస్తే వచ్చేవి కొన్ని, అవకాశమిస్తే వచ్చేవి కొన్ని. సహజస్పందన రెండవ కోవకు చెందినది.

నేటి విద్యార్థి జీవితంలో ఈ రెండవ కోవకు చోటు తగ్గిపోతున్నది. తెల్లవారుజాము నుండి రాత్రి వరకు ప్రతి గంటకూ ఒక పని నిర్ణయమై ఉంటుంది. తరగతులు, స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, ర్యాంకులు, వాటిపై చర్చలతోనే రోజు గడిచిపోతుంది. మిగిలిన కొద్దిపాటి ఖాళీని సెల్‌ఫోన్ ఆక్రమిస్తున్నది. ఇటువంటి దినచర్యలో అనుకోనిది ఏది జరిగినా అది ఆటంకంగానే తోస్తుంది. చదువుకొంటుండగా కరెంటు పోతే కోపం, మిత్రుడు వచ్చి పలకరిస్తే విసుగు, ప్రశ్నపత్రంలో తెలియని ప్రశ్న కనిపిస్తే భయం కలుగుతాయి. ఒకనాడు మన సమాజం అనుకోనిదానిని ఆదరించే పద్ధతిని ఇంటి గుమ్మం దగ్గరే నేర్పేది. ఇంటికి వచ్చినవారిని 'అతిథి' అంటున్నాం. తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు ఆ మాటకు వ్యుత్పత్తి చెబుతారు. ముందుగా చెప్పి రాకపోవడమే ఆయన లక్షణం. అటువంటివాడిని దైవంగా భావించమన్న సంస్కృతి మనది. చెప్పకుండా వచ్చిన క్షణాన్ని సైతం అలాగే ఆదరించగలగడమే సహజస్థితి.

అయితే ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. మనసుకు తోచినట్లు చేయడమే సహజమైతే, కోపం వచ్చినప్పుడు అరవడం, చదువు విసుగనిపించినప్పుడు పుస్తకం మూసివేయడం, కంటికి కనిపించినదాన్ని కొనడం కూడా సహజమే కదా! ఈ సందేహానికి యోగశాస్త్రం లోతైన సమాధానం ఇస్తుంది. మనం చేసే ప్రతి పనీ, అనుభవించే ప్రతి భావమూ మనసులో ఒక ముద్ర వేస్తుంది. ఆ ముద్రకు 'సంస్కారం' అని పేరు. అటువంటి సందర్భం మళ్లీ వచ్చినప్పుడు ఆ ముద్ర మేల్కొని, పాత దారిలోనే మనిషిని నడిపిస్తుంది. తమ్ముడు పుస్తకం తీశాడని అన్న గట్టిగా కసురుకొన్నాడనుకొందాం. ఆ కసురు అప్పటికప్పుడు పుట్టినట్లు కనిపిస్తుంది. నిజానికి అది నిన్న, మొన్న, అంతకు ముందు ఎన్నోసార్లు పలికిన కసురుకు పునరుక్తి మాత్రమే. ఆ క్షణంలో తమ్ముడి ముఖం ఎలా ఉన్నదో, అతనికి ఆ పుస్తకం ఎందుకు అవసరమయిందో అన్న చూడనేలేదు. తొందరపాటులో మాట్లాడేది మనిషి కాదు, అతని పాత అలవాటు. అందువల్ల తొందరపాటుకు స్వేచ్ఛ అని పేరు పెట్టడం పొరపాటు. ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్లు చూసి, దానికి తగినట్లు స్పందించడమే నిజమైన సహజత్వం. చాపల్యానికి, సహజత్వానికి మధ్య ఉన్న ఈ భేదమే ఈ విషయానికంతటికీ మూలం.

పాత అలవాటు పట్టునుండి మనసు విడివడే మార్గాన్ని పతంజలి మహర్షి తన యోగసూత్రాలలో వివరించాడు. సమాధి, సాధన, విభూతి, కైవల్య పాదాలని నాలుగు భాగాలుగా ఉన్న ఆ చిన్న గ్రంథంలో సూత్రాల సంఖ్య 200 కూడా దాటదు. యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి అనే ఎనిమిదింటిని ఆయన యోగానికి అంగాలుగా చెప్పాడు. ఐక్యరాజ్యసమితి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినోత్సవంగా 2014లో ప్రకటించింది. 2015 నుండి ఆ రోజున ప్రపంచమంతటా వేడుకలు జరుగుతున్నాయి. ఇది సంతోషించవలసిన విషయమే. కాని వేదికలమీద మన కంటికి కనిపించేది ప్రధానంగా ఆసనాలు, ప్రాణాయామమే. ఎనిమిది మెట్లలో అవి మూడవది, నాలుగవది మాత్రమే. తక్కినవి కంటికి కనిపించవు. నిత్యవ్యవహారంలో మనిషి నడవడిలో మాత్రమే వ్యక్తమవుతాయి.

ఆ ఆసనాన్ని గురించి కూడా పతంజలి చెప్పిన మాట గమనింపదగినది. ఆసనానికి స్థిరత్వం ఎంత ముఖ్యమో సుఖం అంతే ముఖ్యమని, ప్రయత్నాన్ని సడలించడం వల్ల అది సిద్ధిస్తుందని ఆయన అభిప్రాయం. కొత్తగా పద్మాసనం వేసేవాడు పళ్లు బిగించి, భుజాలు పైకి లాగి, ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. అది స్థిరంగా ఉండవచ్చు గాని సుఖంగా ఉండదు. కొంతకాలానికి ఏ కండరం బిగువు అవసరమో, ఏది అనవసరమో శరీరానికే తెలుస్తుంది. అప్పుడు అనవసరమైనది జారిపోతుంది. శవాసనంలో ఈ రహస్యం మరింత స్పష్టమవుతుంది. వెల్లకిలా కదలకుండా పడుకోవడంకంటే తేలికైన పని లేదనిపిస్తుంది. కాని శరీరంలోని ప్రతి అవయవాన్నీ నిజంగా వదలివేయడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుస్తుంది. వదలడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

శ్వాస ఈ విద్యకు తొలిగురువు. గుండె కొట్టుకోవడం మన ఇష్టంతో నిమిత్తం లేకుండా జరుగుతుంది. నడవడం, వ్రాయడం మన ఇష్టాన్ని అనుసరించి జరుగుతాయి. శ్వాస మాత్రం ఈ రెండింటి సరిహద్దులో ఉంది. నిద్రలో అది దానంతట అదే సాగుతుంది. మెలకువలో కావాలనుకొంటే దానిని నెమ్మదింపజేయవచ్చు. భయపడినప్పుడు శ్వాస వేగవంతమవుతుంది. రేచకాన్ని, అనగా గాలిని వదలడాన్ని, కొద్దిగా దీర్ఘం చేస్తే గుండె వేగం నెమ్మదించి, శరీరం విశ్రాంతివైపు మొగ్గుతుంది. మనసుకు నేరుగా ఆజ్ఞ ఇవ్వలేనివాడు శ్వాస ద్వారా దానిని మెల్లగా అనునయించవచ్చు. ధ్యానంలో మొదటి పాఠంగా చాలామంది గురువులు శ్వాసను గమనించమనడానికి కారణం ఇదే. గమనిస్తుండగా మనసు ఎక్కడికో పోతుంది. పోయిందని తెలిసిన వెంటనే నిందించుకోక, మళ్లీ శ్వాస దగ్గరికి తీసుకురావాలి. మనసు నూరుసార్లు పోతే నూరుసార్లు తీసుకురావాలి. పోవడం ఓటమి కాదు. తిరిగి రావడమే అభ్యాసం.

అనుకోనిదానికి ఎదురునిలిచే ఈ నేర్పు ఎంతటి ఎత్తుకు చేరగలదో చూపే విద్య తెలుగువారికి ఒకటి ఉంది. అది అవధానం. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అనే జంటకవులు, తిరుపతి వేంకటకవులుగా ఊరూరా సంచరించి, ఈ విద్యకు అపారమైన ప్రజాదరణ సంపాదించిపెట్టారు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒకే అవధానిని పరీక్షిస్తారు. ఒకరు పొసగని అర్థం గల సమస్యను ఇస్తారు. మరొకరు పొంతన లేని నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. ఇంకొకరు అక్షరం అక్షరానికీ నిషేధం విధిస్తారు. కొన్ని సభలలో గంట మోగిస్తుంటారు. ఎన్నిసార్లు మోగిందో అవధాని లెక్కచెప్పాలి. ఏ పద్యమూ ఒక్కసారిగా పూర్తికాదు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చొప్పున నడుస్తుంది. చివరకు పద్యాలన్నింటినీ వరుసగా అప్పగించాలి. ఆ అప్పగింతకు 'ధారణ' అని పేరు. యోగంలోని ఆరవ అంగానికీ అదే పేరు. యోగంలో మనసును ఒకచోట నిలపడం ధారణ. అవధానంలో చెప్పిన పద్యాలను మనసులో నిలుపుకోవడం ధారణ. నిలపడం అనే మూలార్థం రెండింటిలోనూ ఒక్కటే.

ఈ పృచ్ఛకులలో అప్రస్తుత ప్రసంగం చేసే వ్యక్తి స్థానం విచిత్రమైనది. అవధాని గంభీరమైన పద్యపాదం అల్లుతుండగా ఆయన మధ్యలో దూరి సంబంధం లేని ప్రశ్న వేస్తాడు. అవధాని ఆ ప్రశ్నను విననట్లు ఉండకూడదు. దానికి కోపగించుకోనూ కూడదు. చమత్కారంగా సమాధానం చెప్పి, సభను నవ్వించి, విడిచిన చోటనే పద్యాన్ని అందుకోవాలి. ఆలోచించి చూస్తే మన రోజంతా అప్రస్తుత ప్రసంగమే. తలపెట్టిన పని ఒకటి, మధ్యలో వచ్చేవి పది. ఆ పదింటినీ శత్రువులుగా చూసేవాడు సాయంత్రానికి అలసిపోతాడు. వాటిని పృచ్ఛకులుగా చూసేవాడు ఒక్కొక్కదానికీ తగిన సమాధానం చెప్పి, తన పద్యాన్ని తాను పూర్తిచేసుకొంటాడు.

అవధాని పద్యాలు ముందుగా వ్రాసిపెట్టుకొన్నవి కావు. కాని ఆయన చేతులూపుకొంటూ సభకు రాలేదు. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలని, యతి పదవ అక్షరమని, చంపకమాలకు ఇరవైయొక్క అక్షరాలు, యతి పదకొండవ అక్షరమని ఆయన లెక్కపెట్టుకోడు. నాలుకే ఆ నడకను ఎరిగి ఉంటుంది. కావ్యపఠనం, నిఘంటుపరిచయం, ఏళ్లతరబడి పద్యరచన ఆయన వెనుక ఉన్నాయి. ఆశువుగా వెలువడిన పద్యం ఆ క్షణంలోనే పుట్టినా, దాని వేళ్లు ఎన్నో సంవత్సరాల లోతున ఉంటాయి. కర్ణాటక సంగీతంలోని మనోధర్మం కూడా ఇటువంటిదే. రాగాలాపనలో, స్వరకల్పనలో గాయకుడు అప్పటికప్పుడు సృష్టించే అందాలకు బాల్యంలో నేర్చిన సరళీస్వరాలే పునాది. విద్యార్థికి దినచర్య పద్యానికి ఛందస్సువంటిది. అది నడకను ఇస్తుంది. మాటలను మాత్రం ఆ క్షణమే ఇవ్వాలి. అందువల్ల సహజత్వం పేరుతో ప్రణాళికను విసర్జించడం ఎంత తప్పో, ప్రణాళికకు బందీ కావడం అంత తప్పు.

అభ్యాసం గురించి ఒక హెచ్చరిక కూడా అవసరం. రాయలసీమలోని మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఆ హెచ్చరికను తీవ్రంగా చేసిన తత్త్వవేత్త. తనను జగద్గురువుగా భావించి ఏర్పాటుచేసిన సంస్థను ఆయన 1929లో స్వయంగా రద్దు చేశాడు. యాంత్రికంగా చేసే సాధన మనసును మొద్దుబారుస్తుందని, పద్ధతికి లొంగిన మనసు స్వేచ్ఛను తెలుసుకోలేదని 1986లో మరణించేవరకు ఆయన బోధించాడు. ఈ విమర్శను తేలికగా తోసివేయలేము. కళ్లు మూసుకొని గడియారం వైపు మనసుపెట్టి కూర్చొనే ధ్యానం మరొక హోంవర్కు మాత్రమే అవుతుంది. యోగశాస్త్రం అభ్యాసాన్ని ఒంటరిగా విడిచిపెట్టక దానికి వైరాగ్యాన్ని జోడించడంలోని ఔచిత్యం ఇక్కడే తెలుస్తుంది. భగవద్గీత ఆరవ అధ్యాయంలో, గాలివంటి మనసును పట్టడం ఎలా అని అర్జునుడు వాపోయినప్పుడు శ్రీకృష్ణుడు చూపిన సాధనాలు కూడా ఈ రెండే. వైరాగ్యమంటే ఇల్లు విడిచిపోవడం కాదు. ఫలితంపై బిగించిన పిడికిలిని విప్పడం. అభ్యాసం లేని వైరాగ్యం సోమరితనానికి దారితీస్తుంది. వైరాగ్యం లేని అభ్యాసం యాంత్రికమవుతుంది. రెండూ కలిసినచోట చిత్తైకాగ్రత, దాని వెంట సహజస్పందన కలుగుతాయి.

ఈ తత్త్వాన్ని ఆచరణలో పెట్టడానికి అడవులకు పోనక్కరలేదు. ఉదయం నిద్రలేవగానే ఐదు నిమిషాలు వెన్ను నిటారుగా కూర్చొని శ్వాసను గమనించవచ్చు. రోజులో ఏదైనా ఒక పనిని పూర్తి మనసుతో చేయవచ్చు. అన్నం తినేటప్పుడు పుస్తకమూ సెల్‌ఫోనూ పక్కనపెట్టి, ముద్ద రుచిని నిజంగా తెలుసుకోవడం చిన్న పనేమీ కాదు. ఎవరైనా మాట్లాడుతున్నప్పుడు మన సమాధానాన్ని లోలోపల సిద్ధం చేసుకోకుండా చివరివరకు వినడం మరొక సాధన. కఠినమైన మాట చెవిన పడినప్పుడు ఒక్క శ్వాసపాటు ఆగడం ఇంకొకటి. ఆ ఒక్క శ్వాసలో పాత అలవాటు వెనక్కి తగ్గి, ఎదుటి మనిషి కనిపిస్తాడు. దినచర్యలో కొంత సమయాన్ని ఏ పనికీ కేటాయించకుండా విడిచిపెట్టడం కూడా మంచిదే. వాకిట్లో కూర్చొని ఆకాశాన్ని చూసినా, అమ్మ చేస్తున్న పనిలో చేయి కలిపినా, ఆ ఖాళీ వృథా కాదు.

పరీక్షామందిరంలో ఈ సాధన ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. ఎదురుచూడని ప్రశ్న కనిపించగానే 'ఇది నాకు రాదు' అనే ఆలోచన లేస్తుంది. దానితోపాటే ఫలితాలు, తల్లిదండ్రుల ముఖాలు, తోటివారి మార్కులు కళ్లముందు మెదలుతాయి. ప్రశ్నను చదవకముందే మనసు మూడు నెలలు ముందుకు వెళ్లిపోతుంది. శ్వాసాభ్యాసం గల విద్యార్థికీ ఆ ఆలోచన రావచ్చు. కాని మనసు వెళ్లిపోయిందని అతడు గుర్తిస్తాడు, తిరిగి తీసుకువస్తాడు, ప్రశ్నను మరొకసారి చదువుతాడు. తెలిసినంత వ్రాస్తాడు. చదవని విషయాన్ని ధ్యానం ఇవ్వలేదు. చదివినదాన్ని భయం దోచుకుపోకుండా మాత్రం కాపాడగలదు. అయితే దిగులు, భయం, నిద్రలేమి రోజులతరబడి వెంటాడుతున్నప్పుడు ధ్యానంతోనే సరిపెట్టుకోరాదు. ఇంట్లో పెద్దలకు, అధ్యాపకులకు చెప్పుకోవాలి. వైద్యుని సలహా తీసుకోవాలి. సహాయం అడగడం కూడా సహజమైన పనే.

మనిషి రేపటి గురించి ఆలోచించక తప్పదు. విత్తనం చల్లే రైతు వానను ఊహించే చల్లుతాడు. కాని వాన ఎప్పుడు పడినా ఆనాటికి దుక్కి సిద్ధంగా ఉంచడమే అతని చేతిలోని పని. దుక్కి గట్టిగా ఉంటే ఎంత వాన పడినా నీరు జారిపోతుంది. యోగాభ్యాసం మనసనే నేలను దున్నడం. అనుకోని క్షణాలు అందరి జీవితాల్లోనూ చినుకుల్లా పడుతూనే ఉంటాయి. దున్నిన నేలలోనే అవి ఇంకుతాయి.

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. చాపల్యానికి, సహజత్వానికి గల భేదాన్ని యోగశాస్త్రం ఆధారంగా వివరించండి.
2. అవధానవిద్య ద్వారా నిత్యజీవితానికి గ్రహించదగిన విషయాలను చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. శ్వాసను తొలిగురువుగా పేర్కొనడంలోని ఔచిత్యమేమి?
2. అభ్యాస వైరాగ్యాలు రెండూ కలిసి ఉండవలసిన అవసరాన్ని తెలపండి.

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. 'అతిథి' శబ్దానికి పెద్దలు చెప్పే వ్యుత్పత్తి ఏది?
2. అవధానంలో 'ధారణ' అనగానేమి?
3. అంతర్జాతీయ యోగ దినోత్సవం ఏ తేదీన జరుగుతుంది?

IV. ఈ క్రింది పదాలను విడదీసి సంధుల పేర్లు వ్రాయండి.
అష్టావధానం, ప్రత్యాహారం, గజేంద్రుడు, చిత్తైకాగ్రత, యోగాభ్యాసం